మోటార్‌సైకిల్ ఛానెల్‌లో వీడియోలు వేళ తప్పకుండా రావాలంటే

మీరు వరంగల్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఆదివారం ఒక్కటే పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. 350 సీసీ బండి ఉంది, తెలుగులో మోటార్‌సైకిల్ వీడియోల ఛానెల్ పెట్టాలన్న కోరిక ఉంది. ఏ కెమెరా కొనాలి, వారానికి ఎన్ని వీడియోలు పెట్టాలి, ఉత్సాహంగా మొదలుపెట్టినవారిలో చాలామంది మూడు నాలుగు నెలలకే ఎందుకు ఆగిపోతున్నారు అని అడిగారు. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తూ, కొత్తగా వచ్చేవారికి ఎడిటింగ్‌లోనూ ప్రణాళికలోనూ తోడుంటున్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. మూడో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటి రెండూ సులువుగా తేలిపోతాయి కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

ఆగిపోయినవారిని అడిగితే తీరిక దొరకలేదని, వ్యూస్ రాలేదని చెబుతారు. దగ్గరగా చూస్తే అందరిదీ దాదాపు ఒకే పద్ధతి. ఆదివారం పొద్దున రైడ్‌కు వెళ్తారు, ఆ రాత్రే ఎడిటింగ్ చేస్తారు, సోమవారం సాయంత్రం వీడియో పెడతారు. ఈ గొలుసులో ఎక్కడా ఊపిరి పీల్చుకునే చోటు లేదు. ఒక ఆదివారం వాన పడుతుంది, మరో ఆదివారం చుట్టాల పెళ్లి ఉంటుంది, ఇంకో ఆదివారం కెమెరాలోని మెమరీ కార్డు నిండిపోయి సగం రైడ్ రికార్డు కాదు. రెండు తేదీలు తప్పేసరికి మనసులో బరువు మొదలవుతుంది. ఆ బరువు దించుకోవడానికి ఒంట్లో ఓపిక లేకపోయినా బండి తీస్తారు, ఆఫీసు నుంచి వచ్చి రాత్రిపూట బయలుదేరుతారు, చీకటి పడేలోపు ఎలాగైనా ఘాట్ చివరికి చేరాలని చూస్తారు. వేరే విషయాల మీద ఛానెల్ నడిపేవారు తొందరపడితే వీడియో ఒక్కటే చెడుతుంది. మన తొందర మాత్రం నేరుగా యాక్సిలరేటర్ మీదికి వస్తుంది. అందుకే నన్ను అడిగిన ప్రతివారికీ ముందుగా చెప్పే మాట ఒకటే: తేదీ కోసం బండి తీయకండి. ప్రకటించిన తేదీకి వెళ్లే వీడియో ఎప్పుడూ ముందే తయారై నిల్వలో ఉండాలి.

దీనికి చేయవలసిన పని కష్టమైనది కాదు గానీ ఓర్పు కావాలి. ఛానెల్‌లో మొదటి వీడియో పెట్టేముందు నాలుగు వీడియోలు పూర్తిగా సిద్ధం చేసుకోండి. పూర్తిగా అంటే ఎడిటింగ్ ముగిసి, థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం), శీర్షిక, వివరణ కూడా తయారై, ఇక బటన్ నొక్కడమే మిగిలిన స్థితి. రెండు వారాలకు ఒక వీడియో చొప్పున పెడితే నాలుగు వీడియోలు దాదాపు రెండు నెలలు వస్తాయి. సంక్రాంతికి ఊరెళ్లినా, జ్వరం వచ్చినా, బండి సర్వీసు సెంటర్‌లో వారం రోజులు ఉన్నా తేదీ తప్పదు. ఒకటి బయటకు వెళ్లగానే దాని స్థానంలో మరొకటి చేరాలి. నిల్వ రెండుకు పడిపోయిందంటే దూరప్రయాణాల ఆలోచన పక్కన పెట్టి, ఇంటి దగ్గరే ఒక్క పూటలో ముగిసే వీడియో చేయాలి. నిల్వ ఆరుకు పెరిగినప్పుడు వారానికి రెండు పెట్టేద్దామన్న ఆశ పుడుతుంది. దానికి లొంగవద్దు. ఎక్కువగా ఉన్న ఆ రెండూ వానాకాలానికి దాచుకోవాలి.

వారానికి ఎన్ని అన్న ప్రశ్నకు గంటలు లెక్కపెట్టుకుంటే జవాబు వస్తుంది. పది నిమిషాల వీడియో కోసం రెండు గంటల ఫుటేజీ తీశారనుకుందాం. దాన్ని ఒకసారి చూడటానికే రెండు గంటలు పోతాయి. పనికొచ్చే ముక్కలు ఏరుకోవడం, మాట రాసుకోవడం, గొంతు రికార్డు చేయడం, కోత, రంగులు, శబ్దం సరిచేయడం, థంబ్‌నెయిల్ కలిపితే కొత్తవారికి పది పన్నెండు గంటలు పట్టడం మామూలే. చేయి తిరిగాక అది సగానికి తగ్గుతుంది. ఉద్యోగం, ఇల్లు ఉన్న మనిషికి వారంలో ఈ పనికి దొరికేది ఐదారు గంటలు. కాబట్టి మీకు రెండు వారాలకు ఒక వీడియో సరిపోతుంది. వారానికి మూడు పెట్టాలని చెప్పేవారు ఇదే వృత్తిగా పెట్టుకుని, పక్కన ఎడిటర్‌ను ఉంచుకున్నవారు. మీ లెక్కను తీరికగా ఉన్న వారంతో వేయకండి. ఆఫీసులో నెలాఖరు పని, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగులేకపోవడం, రెండూ ఒకేసారి వచ్చిన వారంలో ఎంత చేయగలరో అదే మీ వేగం అనుకోండి.

రెండు వారాలను ఇలా పంచుకోవచ్చు. మొదటి ఆదివారం చిత్రీకరణ. ఆ రాత్రి చేయవలసిన పని ఒక్కటే, ఫుటేజీని కార్డు నుంచి రెండు చోట్లకు కాపీ చేయడం. రెండూ సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. తర్వాత నాలుగైదు సాయంత్రాలు గంట చొప్పున ఏరడానికి, మాట రాయడానికి కేటాయించండి. రెండో ఆదివారం పొద్దున ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గొంతు రికార్డు చేసి కోత ముగించండి. ఆ మధ్యాహ్నం మాత్రం కెమెరా ఇంట్లో వదిలి బండి మీద ఎక్కడికైనా వెళ్లి రండి. ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోరు, కానీ నేను దీన్ని గట్టిగా నమ్ముతాను. ప్రతి రైడ్‌నూ వీడియోగా మార్చేవారికి ఏడాది తిరిగేసరికి బండి మీద ఇష్టమే తగ్గిపోవడం చూశాను. ఇష్టం తగ్గిన మనిషి గొంతును ప్రేక్షకులు మొదటి నిమిషంలోనే గుర్తుపడతారు.

విడుదలకు శుక్రవారం సాయంత్రం అనుకుంటే వీడియోను గురువారం రాత్రికే అప్‌లోడ్ చేసి, యూట్యూబ్ స్టూడియోలో సమయం నిర్ణయించి వదిలేయండి. అప్‌లోడ్ అయిన వెంటనే వీడియో తక్కువ నాణ్యతలోనే కనిపిస్తుంది. 4కె రూపం సిద్ధం కావడానికి ఇంకా సమయం పడుతుంది. కాపీరైట్ తనిఖీ కూడా ఆ వ్యవధిలోనే ముగుస్తుంది. ఈ తనిఖీ గురించి ఒక్క మాట చెప్పాలి. సినిమా పాట మీరు కావాలని వేయకపోయినా, రోడ్డు పక్క టీ కొట్టులో ఆగి మాట్లాడుతున్నప్పుడు వెనక స్పీకర్లో మోగిన పాటను కూడా ఆ వ్యవస్థ పట్టుకుంటుంది. టీ కొట్టు దగ్గర ఏదైనా చెప్పాలనుకుంటే పాట వినిపించనంత దూరం జరిగి చెప్పండి. నేపథ్య సంగీతానికి యూట్యూబ్ ఆడియో లైబ్రరీ చాలు.

ఇక ఏం తీయాలన్నది. చాలామంది కొత్తగా విడుదలైన బండ్ల సమీక్షలతో మొదలుపెట్టాలనుకుంటారు. కంపెనీలు విడుదలకు ముందే పెద్ద ఛానెళ్లవారిని పిలిచి బండి ఇస్తాయి. ఆ రోజే పదుల సంఖ్యలో వీడియోలు వచ్చేస్తాయి. వారం తర్వాత షోరూం ముందు నిలబడి అవే అంకెలు మీరు చదివితే వినేవారు ఉండరు. పైగా ఆ పద్ధతిలో మీ తేదీలు కంపెనీల తేదీల మీద ఆధారపడతాయి. మీ దగ్గర ఉన్న సరుకు వేరు. సొంత డబ్బుతో కొన్న బండిని రోజూ నడుపుతున్నారు. మొదటి సర్వీసు బిల్లులో ఏయే పద్దులు ఉన్నాయి, 10,000 కిలోమీటర్లకు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు ఎలా ఉన్నాయి, వెనక సీటు మీద అమ్మను కూర్చోబెట్టుకుని నలభై కిలోమీటర్లు వెళ్తే ఆమెకు నడుం పట్టేసిందా లేదా అన్నది పత్రికా సమావేశానికి వెళ్లినవారు చెప్పలేరు. ఇలాంటి వీడియోలకు కాలదోషం తక్కువ. రెండేళ్ల తర్వాత ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు కూడా వెతుక్కుని వచ్చి చూస్తారు.

దారుల వీడియోలకు మీ చుట్టుపక్కల కొరత లేదు. 163వ నంబరు జాతీయ రహదారి మీదుగా ములుగు వైపు వెళ్తే పాలంపేటలో 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడి ఉంది. లక్నవరం చెరువు ఉంది. ఏటూరునాగారం దాటి గోదావరి అవతలికి వెళ్తే వాజేడు మండలంలో బొగత జలపాతం ఉంది. నర్సంపేట వైపు పాకాల ఉంది. వీటిని అందరూ తీశారు కదా అని మీకు అనిపించవచ్చు. తీసినవారిలో ఎక్కువమంది అందాన్ని తీశారు. కుటుంబంతో బయలుదేరే మనిషికి కావలసినవి వేరే ఉన్నాయి: చివరి పెట్రోలు బంకు ఎక్కడ, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఏ ఊళ్లో దొరుకుతుంది, రోడ్డు ఏ మలుపు తర్వాత గతుకులుగా మారుతుంది, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు జలపాతం దగ్గరికి అనుమతిస్తారా. బండి ఆపి ఒక్కో చోట పది సెకన్లు తీసి, ఓడోమీటరు అంకె చెబితే చాలు, ఆ వీడియో పనికొచ్చే వీడియో అవుతుంది. ఇలాంటివాటి కింద గల్ఫ్ దేశాలలో ఉన్న మనవారు తమ ఊరి మలుపు కనిపించిందని రాస్తుంటారు. వారి కోసమైనా ఊళ్ల పేర్లు బోర్డు కనిపించేలా తీసి, స్పష్టంగా పలకండి.

మూడో రకం ఇంటి దగ్గర చేసేవి. నిల్వను కాపాడేవి ఇవే కనుక వీటి గురించి వివరంగా చెబుతాను. చైన్ శుభ్రం చేయడమే తీసుకోండి. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టాలి. మొదటి షాట్‌లో ఎండిపోయి ఎర్రటి దుమ్ము పట్టిన చైన్‌ను అరచేతి దూరం నుంచి చూపించండి, మాట అక్కర్లేదు. రెండో షాట్‌లో చైన్ తిరిగే పళ్ల చక్రాలైన రెండు స్ప్రాకెట్ల మధ్య కింది వరుసకు స్కేలు ఆనించి, వేలితో పైకీ కిందికీ కదిపి ఎన్ని మిల్లీమీటర్లు ఆడుతోందో చూపించి, మీ బండితో వచ్చిన పుస్తకంలో ఎంత ఉండాలని రాశారో ఆ పేజీనే కెమెరాకు చూపించండి. మూడో షాట్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్రష్‌తో క్లీనర్ పట్టించడం. ఓ రింగులనే రబ్బరు రింగులున్న చైన్‌కు పెట్రోలు వాడితే రబ్బరు దెబ్బతింటుందని ఇక్కడే చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా గేర్‌లో పెట్టి చైన్ తుడిచే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. గుడ్డతో పాటు వేలు స్ప్రాకెట్‌లోకి వెళ్లి తెగిన సంఘటనలు ఉన్నాయి. మీ వీడియో చూసి ఒక్కరు ఆ అలవాటు మానినా మీ శ్రమ ఫలించినట్టే. చివరి షాట్‌లో లూబ్ లోపలి వైపు నుంచి వేసి, ఎక్కువైనదాన్ని పొడిగుడ్డతో తుడవడం. ఇంతా కలిపి ఒక పూట పని, ఎనిమిది నిమిషాల వీడియో. టైరు గాలి చూసుకోవడం, క్లచ్ కేబుల్ సరిచేసుకోవడం, ఎయిర్ ఫిల్టరు తీసి చూడటం, వానకు ముందు బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేయడం, పంక్చర్ కిట్ వాడటం, ఇలా ఏడాదికి సరిపడా విషయాలు మీ బండిలోనే ఉన్నాయి. వీటిని మే నెల ఎండలో, మధ్యాహ్నం బయటికి వెళ్లలేని వేళల్లో తీసి దాచి, జూలై ఆగస్టు నెలల్లో ఒక్కొక్కటిగా విడుదల చేయండి.

కెమెరా విషయం క్లుప్తంగా చెబుతాను. కొత్త మోడల్ అవసరం లేదు. గోప్రో, డీజేఐ, ఇన్‌స్టా360 కంపెనీల యాక్షన్ కెమెరాలలో ఒక తరం పాతది చాలు, బయటి మైకు తగిలించే వీలు ఉందో లేదో మాత్రం చూసుకుని కొనండి. కొన్నింటికి విడిగా అడాప్టర్ కావాలి. ఖరీదైన ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించి తీయవద్దు. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ల కంపనం ఐఫోన్ కెమెరాలో బొమ్మ అదరకుండా చూసే స్టెబిలైజేషన్ భాగాలను దెబ్బతీయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. 4కెలో సెకనుకు 60 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 27 జీబీ, 100 మెగాబిట్ల చొప్పున తీస్తే 45 జీబీ నిండుతుంది. రెండు వారాలకు ఒక వీడియో అన్నా ఏడాదికి ఎంత డిస్కు కావాలో మీరే లెక్కవేయండి. రైడ్ మొత్తం రికార్డు చేయకుండా ఎక్కడెక్కడ తీయాలో ముందే కాగితం మీద రాసుకుంటే డిస్కూ మిగులుతుంది, చూసే గంటలూ తగ్గుతాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక వీధి దీపాల కింద, గ్యారేజీలో లైట్లు మినుకుమినుకుమని కనబడకుండా ఉండాలంటే కెమెరా సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ ఎంచుకోవాలి.

కెమెరాను హెల్మెట్ గడ్డం దగ్గర అమర్చితే దృశ్యం మీ కళ్లతో చూసినట్టు ఉంటుంది. జిగురు మౌంటు అతికించాక ఒక రోజంతా వదిలేసి, ఆ తర్వాతే కెమెరా తగిలించండి. హెల్మెట్‌కు రంధ్రం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. హెల్మెట్లకు మన దేశం పెట్టిన ఐఎస్ 4151 ప్రమాణంతో వచ్చిన హెల్మెట్ బలం ఆ గుండ్రటి పెంకు చెక్కుచెదరకుండా ఉండటంలోనే ఉంది. 2022లో కేరళ రవాణా శాఖ హెల్మెట్ కెమెరాలపై చర్యలకు దిగిన సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇతర రాష్ట్రాలకు వెళ్లేటప్పుడు ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి వెంట ఉంటే మంచిది.

దృశ్యం కన్నా శబ్దం ముఖ్యం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకులు సర్దుకుంటారు, గాలి హోరులో మాట వినిపించకపోతే అర నిమిషం కూడా ఉండరు. తీగ ఉన్న చిన్న కాలర్ మైకుకు బొచ్చు తొడుగు వేసి, చెంప ప్యాడ్‌కు, గడ్డం కడ్డీకి మధ్యనున్న ఖాళీలో, పెదవుల పక్కగా ఉంచండి. ఎదురుగా ఉంచితే ఊపిరి తగులుతుంది. తీగను ప్యాడ్ కిందుగా నడిపి మెడ వెనక నుంచి బయటికి తీయండి. హెల్మెట్ తీసేటప్పుడు లాగకుండా ఉండేంత వదులు ఉండాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒకే వాక్యాన్ని 40, 60, 80 కిలోమీటర్ల వేగాల్లో, వైజర్ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చెప్పి, ఇంటికి వచ్చి ఇయర్‌ఫోన్లలో వినండి. మీ హెల్మెట్‌లో ఏ వేగం దాకా మాట స్పష్టంగా ఉంటుందో ఒక్కసారి తెలిస్తే, ఆ వేగం దాటినప్పుడు మాట్లాడకపోవడం అలవాటవుతుంది. నా ఉద్దేశంలో నడుపుతూ ఎక్కువ మాట్లాడకపోవడమే మంచిది. రోడ్డు నేరుగా, ఖాళీగా ఉన్నచోట రెండు మూడు వాక్యాలు చాలు. మిగతాది ఇంట్లో బట్టల బీరువా తెరిచి, దాని ముందు కూర్చుని చెప్పండి. బట్టలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. వేగం, మలుపు, ఎదురుగా వచ్చే లారీ, వీటి మధ్య వాక్యం కూర్చడం మనిషి ధ్యాసను ఎంత తినేస్తుందో తర్వాత ఆ ఫుటేజీ చూసుకుంటే తెలుస్తుంది.

నియమాల విషయంలో మనవారు తరచుగా పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. శ్రీశైలం వెళ్లే నల్లమల అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది, దోర్నాల వైపు కూడా అంతే. ఆనకట్టల దగ్గర చిత్రీకరణ నిషేధమన్న బోర్డు ఉంటే కెమెరా ఆపేయాలి. డ్రోన్ ఎగరేయాలంటే 2021 డ్రోన్ నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందు చూడాలి, రెడ్ జోన్ అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మీరు తీసిన స్పీడోమీటరు దృశ్యం మీ మీదే సాక్ష్యమని కూడా మరువవద్దు. 2023 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర చెన్నై, బెంగళూరు రహదారి మీద వీలీ చేస్తూ, అంటే ముందు చక్రం గాల్లోకి లేపి నడుపుతూ పడిపోయిన ఒక ప్రసిద్ధ తమిళ యూట్యూబర్ అరెస్టయ్యారు, ఆయన డ్రైవింగ్ లైసెన్సు పదేళ్లపాటు రద్దయింది. అదే ఏడాది మే నెలలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద అతివేగంగా వెళ్తున్న మరో యువ యూట్యూబర్ ప్రాణాలే పోయాయి. లక్షల మంది చూస్తున్నారన్న ధ్యాస మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో ఈ రెండూ చెబుతాయి. మీ ఛానెల్‌లో వేగం చూపించనని మొదటి రోజే నిర్ణయించుకోండి. వ్యూస్ తగ్గుతాయేమోనన్న భయం వద్దు. సర్వీసు, దారి, ఖర్చు గురించి వెతుక్కుంటూ వచ్చేవారు వేగం కోసం రారు.

డబ్బు గురించి మీరు అడగలేదు, అయినా తేదీల మీద దాని ప్రభావం ఉంటుంది కనుక చెప్పాలి. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. ఈ గీత దాటాలన్న ఆత్రంతోనే చాలామంది రోజుకో షార్ట్ పెట్టి, పెద్ద వీడియోలకు ఓపిక లేక ఆగిపోతారు. పెద్ద వీడియో నుంచి కోసిన ఒక ముక్కను వారానికి ఒక షార్ట్‌గా పెడితే చాలు, దానికి వేరే చిత్రీకరణ వద్దు. కాస్త పేరు రాగానే బెట్టింగ్ యాప్‌ల వాళ్లు పెద్ద మొత్తాలతో వస్తారు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలు నిషేధం. 2025లో వచ్చిన కేంద్ర చట్టం వాటి ప్రచారాన్ని కూడా నిషేధించింది. మన ఛానెళ్లను ఎక్కువగా చూసేది కాలేజీ పిల్లలు. ఆ డబ్బు ముట్టుకోవద్దు. గ్లోవ్స్, హెల్మెట్ల వంటివి ఎవరైనా ఉచితంగా ఇస్తే ఆ సంగతి వీడియోలో నోటితో చెప్పి, అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ గడిలో కూడా గుర్తు పెట్టండి. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తిరిగి అదే పని చేస్తే 50 లక్షల దాకా వెళ్తుంది.

మొదటి ఆరు నెలలు సబ్‌స్క్రైబర్ల సంఖ్యను రోజూ చూసుకోవద్దు. ఒక్కో వీడియో పెట్టిన వారానికి ప్రేక్షకులు ఎంతసేపు ఉన్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ ఒక్కటి తెరిచి, మొదటి ముప్పై సెకన్లలో ఎంతమంది వెళ్లిపోయారో, తర్వాత గీత ఎక్కడ ఒక్కసారిగా పడిందో చూడండి. ఆరంభంలో నమస్కారాలు, లైక్ చేయమన్న విన్నపాలు పెడితే అక్కడే గీత జారుతుంది. చైన్ వీడియో అయితే ఎండిపోయిన చైన్‌తో, దారి వీడియో అయితే చెడిపోయిన రోడ్డు ముక్కతో మొదలుపెట్టి, మీ పేరు తర్వాత చెప్పండి. శీర్షికలో బండి పేరు, పని పేరు, ఊరి పేరు ఉండాలి. మనవారిలో చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేసి వెతుకుతారు కనుక వివరణలో ఆ రూపం కూడా ఒక వరుస రాసిపెట్టండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎప్పుడో ఒక తేదీ తప్పుతుంది. అప్పుడు వచ్చే వారం రెండు పెట్టి సరిచేయాలని చూడవద్దు, దానివల్ల నిల్వ తరుగుతుంది, ఆ తర్వాతి తేదీ కూడా ప్రమాదంలో పడుతుంది. తప్పినదాన్ని అలాగే వదిలేసి, కమ్యూనిటీ పోస్టులో ఒక్క వాక్యం రాసి, మామూలు శుక్రవారానికి మామూలు వీడియో పెట్టండి. వానాకాలంలో నెల రోజులు విరామం కావాలనుకుంటే ముందే చెప్పి, తిరిగి వచ్చే తేదీ కూడా ప్రకటించండి. చెప్పి ఆగినవారిని ప్రేక్షకులు తప్పుపట్టరు.

వీడియో పెట్టిన రోజు సాయంత్రం ఒక గంట వ్యాఖ్యల కోసం ఉంచుకోండి. మీరు వాడిన లూబ్ ఏది, ఆ రోడ్డు మీద రాత్రి వెళ్లవచ్చా, మా బండికి కూడా ఇదే కొలతా అని అడుగుతారు. జవాబిచ్చిన ప్రశ్నలను ఒక పుస్తకంలో రాసుకోండి. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే అది మీ తర్వాతి వీడియో. మెకానిక్ ఎవరైనా మీ పద్ధతిలో లోపం చూపిస్తే, బండితో వచ్చిన పుస్తకంతో సరిచూసుకుని, ఆ వ్యాఖ్యను పైన పిన్ చేయండి. మొదటి నాలుగు వీడియోలకు నా సూచన ఇది: చైన్, సర్వీసు బిల్లు, రామప్ప దారి, పంక్చర్ కిట్. ఈ నాలుగూ తయారయ్యాక ఛానెల్ పేరు, తేదీ ప్రకటించండి, అంతకు ముందు స్నేహితులకు కూడా చెప్పవద్దు.